మీకు తెలుసా? ‘రాకాసిలోయ’ రాసిందెవరో!

• 1947 జులైలో మొదలైన ‘చందమామ’ పిల్లల మాసపత్రికలో ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ వంటి 12 ధారావాహికలు రాసింది ఒక్కరే. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. అప్పట్లో వాటికి ఆయన పేరు వేసేవారు కాదు.

• చిత్రకారుడు ‘చిత్రా’ గీసిన బొమ్మలు ఈ కథల్లోని మాంత్రికులకు, రాక్షసులకు రూపమిచ్చాయి.

• ఈ ధారావాహికల్లో ఒకటైన ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు ఆపదలను ధైర్యంతో, స్నేహంతో దాటుతారు. పిల్లలను సాహసం లాగితే, పెద్దలను ఆ స్నేహం, తెలివి కట్టిపడేస్తాయి. అందుకే నాటి పాఠకులు పెద్దయ్యాక కూడా ఈ కథలను వెతికి చదువుకుంటున్నారు.

• ఈ కథల్లోలాంటి చోటు ఒకటుంది: పోలవరం ఎగువన పాపికొండల మధ్య గోదావరి ఇరుకైపోతుంది. అటూ ఇటూ కొండలు, అడవి. అక్కడి పిల్లలకు ఈ కథల లోకం కళ్లెదుటే ఉంది. సెలవుల్లో ఈ కథల పుస్తకం ఒక్కటైనా మీ పిల్లలతో కలిసి చదవండి.