ఐఫోన్లు పెట్టినా వీఏఆర్‌లో అసలు బగ్ అలాగే ఉంది

స్లో మోషన్ వీడియో బాగా రావాలని మనం ఫోన్ సెట్టింగ్స్‌లో 120, 240 ఎఫ్‌పీఎస్ వెతుక్కుంటాం కదా. ప్రీమియర్ లీగ్ వాళ్లు అదే పని ఆఫ్‌సైడ్ పట్టుకోవడానికి చేశారు. 2025 ఏప్రిల్ 12న మొదలైన వాళ్ల సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్ సిస్టమ్ కోసం ఒక్కో స్టేడియంలో ఇరవైకి పైగా కెమెరాలు బిగించారు. అవేవో లక్షల ఖరీదు చేసే స్పెషల్ కెమెరాలు అనుకుంటున్నారా? ఐఫోన్లే!

ఎఫ్‌పీఎస్ గొడవ ఎందుకో చిన్న లెక్క చూద్దాం. సెకనుకు 50 ఫ్రేములంటే రెండు ఫ్రేముల మధ్య గ్యాప్ 20 మిల్లీసెకన్లు. స్ట్రైకర్ సెకనుకు 8 మీటర్ల స్పీడుతో పరిగెడుతుంటే ఆ గ్యాప్‌లోనే 16 సెంటీమీటర్లు ముందుకెళ్లిపోతాడు. డిఫెండర్ ఎదురొస్తుంటే తేడా ఇంకా ఎక్కువ. పాస్ ఇచ్చినప్పుడు బంతి కాలికి తగిలిన ఫ్రేము ఏదో పాత పద్ధతిలో ఒక మనిషే ఎంచుకునేవాడు. అది ఒక్కటి అటూ ఇటూ అయితే గోల్ పోయినట్టే.

2022 ఖతార్ వరల్డ్ కప్‌లో ఫిఫా దీనికి బంతిలోనే సెన్సర్ పెట్టింది. అది సెకనుకు 500 సార్లు డేటా పంపిస్తుంది. పైకప్పు కింద ఉన్న 12 కెమెరాలు ఒక్కో ప్లేయర్ ఒంటి మీద 29 పాయింట్లను ట్రాక్ చేశాయి. మొదటి మ్యాచ్‌లోనే, మూడో నిమిషంలో ఈక్వడార్ కెప్టెన్ ఎన్నెర్ వాలెన్సియా కొట్టిన గోల్ ఎగిరిపోయింది.

సరే, హార్డ్‌వేర్ సూపర్. మరి బగ్ ఎక్కడ?

2023 సెప్టెంబర్ 30, టోటెన్‌హామ్ - లివర్‌పూల్ మ్యాచ్. స్కోరు 0-0. లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు, లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. వీడియో రూమ్‌లో గీతలు గీసి చూస్తే ఆన్‌సైడ్. అంటే గోల్ ఇవ్వాలి. కానీ అక్కడున్న రిఫరీ, గ్రౌండ్‌లో ఆల్రెడీ గోల్ ఇచ్చేశారనుకుని "చెక్ కంప్లీట్" అనేశాడు. గ్రౌండ్‌లో రిఫరీకి అది "ఆఫ్‌సైడ్ కరెక్టే" అని అర్థమైంది. రీప్లే ఆపరేటర్ తప్పు పట్టుకునేసరికి ఆట మళ్లీ మొదలైపోయింది. రూల్స్ ప్రకారం ఇక వెనక్కి వెళ్లలేరు. చివరికి లివర్‌పూల్ 2-1తో ఓడింది.

కోడ్ రాసేవాళ్లకు ఇది బాగా తెలిసిన తలనొప్పే. రెస్పాన్స్‌లో "సక్సెస్" వస్తుంది, ఏది సక్సెస్ అయిందో ఉండదు. (నేనూ ఒక ఫ్లాగ్‌ని ఉల్టా చదివి రాత్రంతా డీబగ్ చేసినవాడినే, అందుకే ఆ రిఫరీని తిట్టబుద్ధి కావట్లేదు.)

మన క్రికెట్‌లో డీఆర్ఎస్ చూడండి. థర్డ్ అంపైర్ ఏం చూస్తున్నాడో మైకులో అందరికీ వినిపిస్తూనే చెబుతాడు. చివర్లో గ్రౌండ్ అంపైర్‌తో నీ డెసిషన్ మార్చుకో లేదా అలాగే ఉంచు అని విడిగా అంటాడు. ఎవరైనా పొరపాటు పడితే అక్కడే దొరికిపోతుంది.

ఆ మ్యాచ్ తర్వాత ఇంగ్లండ్ రిఫరీల సంస్థ కూడా ఇలాంటి ఫిక్సే తెచ్చింది: గ్రౌండ్‌కి చెప్పే ముందు వీడియో రిఫరీ తన పక్కనున్న అసిస్టెంట్‌తో రిజల్ట్ కన్ఫర్మ్ చేసుకోవాలి. ఐఫోన్లు వచ్చింది ఆ తర్వాతే. అవి తేల్చిన ఆన్‌సైడ్, ఆఫ్‌సైడ్ కూడా గ్రౌండ్‌కి చేరాలంటే ఇప్పటికీ అదే మైకులోంచి, ఒక మనిషి నోటి మీదుగానే వెళ్లాలి.