గృహ స్థిరాస్తి ఏజెంటు

గృహ స్థిరాస్తి ఏజెంటు అనగా ఇళ్ళు, ఫ్లాట్లు, ఇళ్ళస్థలాల క్రయవిక్రయాలలోను, అద్దె ఒప్పందాలలోను ఇరుపక్షాలను కలిపి, అందుకు ప్రతిఫలంగా కమీషను పొందే వ్యక్తి. రియల్ ఎస్టేట్ ఏజెంటు, బ్రోకరు, మధ్యవర్తి, దళారి అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నవి. వీటిలో చివరి మాటకు తెలుగులో కొంత చులకన అర్థం ఏర్పడినది. అందుకు కారణం లేకపోలేదు. బేరం కుదిరితేనే ఏజెంటుకు కమీషను వస్తుంది. ఆస్తిలో లొసుగు ఉన్నదని నిజం చెబితే బేరం చెడిపోతుంది. ఈ వృత్తిలోని అసలు చిక్కు ఇదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ వృత్తి తీరు ఈ వ్యాసంలో వివరించబడినది.

వృత్తిలో ప్రవేశం

ఈ వృత్తికి ప్రత్యేకమైన డిగ్రీ అవసరం లేదు. బీమా ఏజెంట్లు, పదవీ విరమణ చేసినవారు, కాలనీలో దుకాణం నడిపేవారు ఎందరో ఇందులోకి వస్తుంటారు. కొత్తవారు సాధారణంగా అద్దె ఇళ్ళతో మొదలుపెడతారు. ఒక ఇల్లు కుదిర్చితే నెల అద్దెగాని, అందులో సగంగాని కమీషనుగా తీసుకొనే ఆనవాయితీ నగరాలలో ఉన్నది. మొత్తం చిన్నదే అయినా దీనివల్ల యజమానులతో పరిచయం పెరుగుతుంది. నేడు ఇల్లు అద్దెకిచ్చిన యజమానే కొన్నేళ్ళకు అదే ఇంటిని అమ్మిపెట్టమని అడుగుతాడు.

నగరమంతా తిరిగే ఏజెంటు కంటె రెండు మూడు కాలనీలను క్షుణ్ణంగా ఎరిగిన ఏజెంటుకే పని ఎక్కువ దొరుకుతుంది. ఏ వీధిలో వర్షాకాలంలో నీరు నిలుస్తుంది, ఏ అపార్టుమెంటులో వేసవిలో ట్యాంకర్లు తెప్పిస్తారు, ఏ ఇల్లు అన్నదమ్ముల తగాదాలో ఉన్నది అన్న విషయాలు ఏ ప్రకటనలోను కనిపించవు.

కొలతలు కూడా ప్రాంతాన్నిబట్టి మారుతాయి. ఎకరానికి ఆంధ్రలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు అని లెక్క కడతారు. అనగా సెంటుకు 48.4 చదరపు గజాలు, గుంటకు 121 చదరపు గజాలు. నెల్లూరు ప్రాంతంలో అంకణం 72 చదరపు అడుగులు కాగా, తిరుపతిలో అదే మాటకు 36 చదరపు అడుగులని అర్థం. ఈ తేడా తెలియక బేరమాడితే ధర సగానికి సగం తారుమారవుతుంది.

నమోదు, చట్టం

భారత పార్లమెంటు 2016లో స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టాన్ని ఆమోదించినది. దీనినే క్లుప్తంగా "రెరా" అంటారు. చట్టం 2017 మే 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చినది. దీని ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టులో బిల్డరు అమ్మే ఫ్లాటునుగాని, ప్లాటునుగాని అమ్మిపెట్టే ఏజెంటు తాను కూడా నమోదు చేయించుకోవాలి. ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రపు ప్రాధికార సంస్థ వద్ద నమోదు అవసరం. తనకిచ్చిన సంఖ్యను ప్రతి అమ్మకంలోను పేర్కొనాలి, లెక్కల పుస్తకాలు ఉంచాలి. నిబంధన ఉల్లంఘిస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా పడవచ్చును. సొంతదారు తన పాత ఇంటిని అమ్ముకొనే సందర్భానికి, అద్దెలకు ఈ నమోదు నియమం వర్తించదు. అందువలన కాలనీ ఏజెంట్లలో అనేకులు ఈనాటికీ నమోదు లేకుండానే పనిచేస్తున్నారు. మహారాష్ట్రలో 2023 నుండి ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేశారు.

పత్రాల పరిశీలన

ఏజెంటు న్యాయవాది కాదు. అయినా పత్రాలు చదవగలిగినవాడే ఈ రంగంలో నిలదొక్కుకొంటాడు. మొదట చూడవలసినవి అమ్మేవారి దస్తావేజు, దానికి ముందటి లింకు దస్తావేజులు, రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఇ.సి. (ఋణభార పత్రం). ఇ.సి.లో రిజిస్టరు అయిన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, వీలునామా, వారసుల వాటా వంటివి అందులో ఉండవు. కనుక "ఇ.సి. శుభ్రంగా ఉన్నది" అన్న మాటతో తృప్తిపడరాదు.

స్థలం నిషేధిత జాబితాలో ఉన్నదా అనేది మరొక ప్రశ్న. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షను కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల రిజిస్ట్రేషన్ నిషేధించబడినది. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూముల బదిలీపై 1977 నాటి చట్టం ఆంక్షలు విధించినది. ఇక జి.పి.ఎ. కాగితాలతో స్థలం చేతులు మారినంత మాత్రాన యాజమాన్యం సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసినది. లేఅవుటుకు హెచ్.ఎం.డి.ఎ., సి.ఆర్.డి.ఎ., డి.టి.సి.పి. వంటి సంబంధిత సంస్థ అనుమతి లేనిచో ఇంటి ప్లానుకు, బ్యాంకు రుణానికి ఇబ్బంది వస్తుంది. హైదరాబాదు పరిసరాలలో చెరువు పూర్తి నీటిమట్టం హద్దు కూడా చూడాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన హైడ్రా సంస్థ చెరువుల పరిధిలోని పలు నిర్మాణాలను కూల్చివేసినది.

ఆదాయం

అమ్మకాలపై కమీషను ఇంత అని రెరా చట్టం నిర్ణయించలేదు. ఒక్కొక్క పక్షం నుండి 1 శాతం, కొన్నిచోట్ల 2 శాతం తీసుకొంటారు. 60 లక్షల ఫ్లాటుపై ఇరువైపులా 1 శాతం చొప్పున 1,20,000 రూపాయలు వస్తుంది. వినడానికి ఇది పెద్ద మొత్తమే. కాని కొనేవారిని మరొక ఏజెంటు తెచ్చినచో సగం అతనికి పోతుంది. మొదటిసారి ఇల్లు చూపించిన నాటినుండి రిజిస్ట్రేషన్ వరకు నెలలు పట్టవచ్చును. బయానా ఇచ్చిన తరువాత కూడా బేరం తప్పిపోవచ్చును. ఇల్లు చూపించిన ఏజెంటును పక్కకు తప్పించి ఇరుపక్షాలు నేరుగా మాట్లాడుకోవడం కూడా ఉన్నదే. అందుకే అనుభవజ్ఞులు కమీషను విషయం ముందే కాగితంపై వ్రాయించుకొంటారు. తొలి ఏడాది ఇంటి ఖర్చులకు వేరే ఆధారం లేనివారికి ఈ వృత్తి కష్టం. ఏడాదికి రాబడి 20 లక్షలు దాటితే జి.ఎస్.టి. నమోదు అవసరం.

ప్రీలాంచ్ అమ్మకాలు

చట్టప్రకారం నమోదు కావలసిన ప్రాజెక్టును నమోదుకు ముందు ప్రకటించడంగాని, బుకింగులు తీసుకోవడంగాని కుదరదు. అయినను "ప్రీలాంచ్ ఆఫర్" పేరిట తక్కువ ధరకు అమ్మకాలు జరిగి, కట్టడం మొదలు కాక కొనుగోలుదారులు మోసపోయిన సంఘటనలు హైదరాబాదు పరిసరాలలో ఉన్నవి. ఇటువంటి అమ్మకాలకు కమీషను మామూలు కంటె అధికంగా ఇవ్వజూపుతారు. కొత్తగా చేరిన ఏజెంటు ముందుగా ఆశ్రయించేది తన బంధువులను, పాత సహోద్యోగులను. అనగా నష్టం కూడా మొదట వారికే. డబ్బు తీసుకొన్న సంస్థ కార్యాలయం మూసివేసినా, ఏజెంటు అదే కాలనీలో వారి మధ్యనే ఉండవలసి వస్తుంది. బుకింగుకు ముందు ప్రాజెక్టు నమోదు సంఖ్యను రెరా వెబ్‌సైటులో ఎవరైనను రుసుము లేకుండా చూసుకోవచ్చును. ఆమోదిత ప్లాను, పూర్తిచేయవలసిన గడువు అందులోనే ఉంటాయి.