ట్యాబ్ చార్జ్ ఎక్కట్లేదా? బ్యాటరీ మార్చే ముందు అడాప్టర్ మీద చిన్నక్షరాలు చదవండి

రాత్రంతా చార్జింగ్‌లో పెట్టినా పొద్దునకు ట్యాబ్‌లో సగం కూడా నిండదు. పిల్లలు చార్జింగ్ పెట్టి ఆన్‌లైన్ క్లాసు చూస్తుంటే ఉన్న శాతం కూడా తగ్గిపోతుంది. రిపేరు షాపుకు తీసుకెళ్తే "బ్యాటరీ పోయింది, మార్చాలి" అన్న మాట వినిపిస్తుంది. సరే అనే ముందు, ట్యాబ్‌కు ఏ అడాప్టర్, ఏ కేబుల్ వాడుతున్నారో ఒకసారి చూడండి. చాలా ఇళ్లలో ట్యాబ్‌తో వచ్చిన చార్జర్ ఎప్పుడో ఎవరి ఫోన్‌కో వెళ్లిపోయి ఉంటుంది. ట్యాబ్‌కు మిగిలేది పాత ఫోన్ చార్జరే.

అడాప్టర్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో రెండు లైన్లు ఉంటాయి. ఇన్‌పుట్ అంటే గోడ నుంచి తీసుకునేది, ఔట్‌పుట్ అంటే ట్యాబ్‌కు ఇచ్చేది. ఔట్‌పుట్ లైన్‌లో ఉన్న వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే అది 5 వాట్ల అడాప్టర్. 9 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే 18 వాట్లు.

ఇప్పుడు లెక్క చూడండి. ఐప్యాడ్ 10వ తరం బ్యాటరీలో పట్టేది 28.6 వాట్-అవర్లు. దాన్ని 5 వాట్ల అడాప్టర్‌తో నింపాలంటే ఏమీ వృథా కాకపోయినా దాదాపు ఆరు గంటలు పడుతుంది. వేడిగా పోయేది కలిపితే ఇంకా ఎక్కువ. పైగా స్క్రీన్ వెలుగుతూ వీడియో నడుస్తుంటే ట్యాబ్ తినే కరెంటే ఇంచుమించు అంత ఉంటుంది. ఇక బ్యాటరీలోకి వెళ్లేదేముంది? అదే ఐప్యాడ్‌కు కంపెనీ ఇచ్చేది 20 వాట్ల అడాప్టర్. అలాగని పెద్ద అంకె కోసం పరుగెత్తక్కర్లేదు. సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్ తీసుకునేదే 15 వాట్లు. దానికి 45 వాట్ల అడాప్టర్ కొన్నా చార్జింగ్ వేగం పెరగదు. మీ ట్యాబ్ ఎన్ని వాట్లు తీసుకుంటుందో డబ్బా మీదో కంపెనీ వెబ్‌సైట్‌లోనో చూసుకుని, అంతకు సరిపోయేది తీసుకుంటే చాలు.

"పెద్ద చార్జర్ పెడితే ట్యాబ్ కాలిపోతుందేమో భాయ్" అని భయపడేవాళ్లు చాలామంది. యూఎస్‌బీ అడాప్టర్ మంచిదైతే ఆ భయం అక్కర్లేదు. ఆంపియర్లు ఎన్ని తీసుకోవాలో నిర్ణయించేది ట్యాబే. వోల్టులు కూడా మొదట 5 దగ్గరే ఉంటాయి. ట్యాబ్, అడాప్టర్ రెండూ మాట్లాడుకుని ఒప్పుకుంటేనే 9కి పెరుగుతాయి. గుండ్రటి సన్న పిన్ను ఉన్న పాత ట్యాబ్‌ల సంగతి వేరు. అక్కడ ఈ మాటామంతీ ఉండదు కాబట్టి వోల్టులు సరిగ్గా సరిపోవాల్సిందే.

ఈ మాట్లాడుకోవడంలోనే అసలు తిరకాసు ఉంది. ఫోన్‌తో వచ్చిన 67 వాట్ల చార్జర్ ట్యాబ్‌కు పెడితే నత్తనడక నడుస్తోందా? ఆ చార్జర్‌కు ఆ కంపెనీ సొంత భాష ఉంటుంది. ట్యాబ్‌కు ఆ భాష రాకపోతే చాలాసార్లు మామూలు 5 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. అందుకే షాపులో "ఎన్ని వాట్లు" అని మాత్రమే కాకుండా "పీడీ ఉందా" అని అడగండి. పీడీ అంటే పవర్ డెలివరీ, అన్ని కంపెనీలకూ ఉమ్మడి భాష లాంటిది. సామ్‌సంగ్ ఖరీదైన ట్యాబ్‌లలో 25, 45 వాట్ల వేగం కావాలంటే పీపీఎస్ కూడా ఉండాలి. రెండు మూడు పోర్టులున్న అడాప్టర్ అయితే, అన్నీ వాడినప్పుడు ఒక్కోదానికి ఎన్ని వాట్లు వస్తాయో చూసుకోండి.

ఇక కేబుల్. సన్నగా, పొడుగ్గా ఉన్న చవక కేబుల్‌లో రాగి తక్కువ, దారిలోనే వోల్టులు పడిపోతాయి. కొన్ని కేబుళ్ల మీద ఏడబ్ల్యూజీ అని అంకె ముద్రిస్తారు. అది తిరకాసు అంకె, తక్కువ ఉంటే తీగ లావు. 28 కన్నా 24 మంచిది. సరైన టైప్-సీ టు టైప్-సీ కేబుల్ 60 వాట్లు మోస్తుంది, మామూలు ట్యాబ్‌కు అది చాలు. కొత్త టైప్-సీ కేబుల్ పెడితే చవక ట్యాబ్ అసలు చార్జ్ కాకపోతే కేబుల్‌ను తిట్టకండి. కొన్ని ట్యాబ్‌లలో పోర్టు దగ్గర ఉండాల్సిన చిన్న భాగాలు పెట్టరు, అడాప్టర్‌కు ట్యాబ్ ఉన్నట్టే తెలియదు. ఒకవైపు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్, దానికి తగిన అడాప్టర్ వాడితే పని చేస్తుంది.

చెడ్డ కేబుల్‌తో నెమ్మదిగా చార్జ్ కావడం ఒక్కటే సమస్య కాదు. గూగుల్ ఇంజినీర్ బెన్సన్ లియంగ్ 2015 చివర్లో ఆన్‌లైన్‌లో అమ్మే టైప్-సీ కేబుళ్లు కొని పరీక్షించడం మొదలుపెట్టారు. 2016 ఫిబ్రవరిలో లోపల తీగలు తారుమారుగా అతికిన ఒక కేబుల్ ఆయన ల్యాప్‌టాప్‌నే పాడుచేసింది. మరుసటి నెలలో అమెజాన్ నిబంధనలకు సరిపోని టైప్-సీ కేబుళ్లను నిషేధించింది.

గల్ఫ్‌లో ఉన్న మామూ, చాచా తెచ్చిన ట్యాబ్‌లు మన ఇళ్లలో మామూలే. దుబాయ్, సౌదీ అడాప్టర్లకు మూడు చదరపు పిన్నులుంటాయి, మన సాకెట్‌లో పట్టవు. ఇన్‌పుట్ లైన్‌లో 100-240 వోల్టులు అని ఉంటే ఆ అడాప్టర్ ఇక్కడ నిక్షేపంగా వాడొచ్చు, పిన్ను మార్చే కన్వర్టర్ మాత్రం గట్టిగా ఉన్నది తీసుకోండి. వదులుగా ఉంటే నిప్పురవ్వలు వస్తాయి.

అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లోనో, మీ ఊరి బస్టాండ్ దగ్గరో పేరు లేని అడాప్టర్ చవకగా దొరుకుతుంది. వేగం తక్కువైతే సర్దుకోవచ్చు. కానీ గోడలోని 230 వోల్టులకూ పిల్లాడి చేతిలోని ట్యాబ్‌కూ మధ్య అడ్డుగోడ ఆ అడాప్టరే. చవక సరుకులో డబ్బు మిగుల్చుకునేది ఆ గోడ దగ్గరే. మన దేశంలో అమ్మే అడాప్టర్‌కు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి కంపెనీ పేరు సరిపోతుందో లేదో షాపులో నిలబడే చూసుకోవచ్చు.

ఇంట్లో పరీక్ష కూడా కష్టం కాదు. ముందు కేబుల్ మార్చి అరగంట చూడండి, తర్వాత అడాప్టర్ మార్చండి. ట్యాబ్ ఆఫ్ చేసి, పోర్టులో చేరిన దుమ్మును పొడి చెక్కపుల్లతో మెల్లగా తీయండి, సూది వద్దు. పరుపు మీద, దిండు కింద పెట్టి చార్జ్ చేయొద్దు. ఇవన్నీ చేశాకా మార్పు లేకపోతే అప్పుడు బ్యాటరీ గురించి ఆలోచించొచ్చు. ట్యాబ్ వెనుక ఉబ్బినట్టున్నా, స్క్రీన్ అంచు పైకి లేచినా ఈ పరీక్షలేవీ చేయకండి. చార్జింగ్ తీసేసి, నొక్కకుండా, పిల్లలకు అందకుండా పెట్టి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.