ఇగము, గాలివాన, పెరటితోట

ప్రాచీనకావ్యములలోని హేమంతవర్ణనములందు మంచుసోకి కమలిన తామర చిరపరిచితము. కవికి అది ఋతుశోభలో నొక భాగము. పెరటిలో కూర పండించుకొను గృహస్థునకు మాత్రము అదే మంచు, చేతికందిన పంటను ఒక్క రాత్రిలో హరించు శత్రువు. ఈ సత్యము బాగుగా నెరిగిన ప్రాంతములలో ఆదిలాబాదు జిల్లాలోని ఉట్నూరు ఒకటి.

కొండలును అడవులును గోండు, కోలాము గూడెములును గల ఈ సీమ సముద్రమునకు దూరము. శీతకాలమున ఆకాశము నిర్మలము, గాలి పొడి. జిల్లాలో ఉష్ణమానము 5 డిగ్రీల సెల్సియసు కంటె దిగువకు దిగిన రాత్రులు కలవు. కేస్లాపూరున నాగోబా జాతర జరుగు పుష్య అమావాస్య నాటికిని చలి పూర్తిగా విడువదు. అంగడి దూరమైన గూడెములలో కంచెపై ప్రాకిన చిక్కుడుతీగయే ఇంటిల్లిపాదికి కూర. అది మాడిన, ఆ కొరతను తీర్చునది వేరొకటి దగ్గరలో నుండదు.

మన భాషలో ‘మంచు’ అను నొక్క మాటయే ఆకుపై బిందువునకు, ప్రొద్దుటి పొగమంచునకు, హిమాలయముపై కురియు దానికిని చెల్లుచున్నది. తెలంగాణమున చలిని ‘ఇగము’ అందురు. ఇది హిమశబ్దమునకు వికృతి. మొక్కల విషయమున మాత్రము రెండు బాధలను వేరుపరుపవలెను. అరటి, బొప్పాయి, టమాట వంటి ఉష్ణదేశపు మొక్కలు నీరు గడ్డకట్టకముందే, సుమారు 10 డిగ్రీల దిగువనే కుంటుపడును. ఇది చలిదెబ్బ. ఆకులోని నీరు గడ్డకట్టి కణములు చెడి ఆకు నల్లబడుట రెండవది, మంచుదెబ్బ. ఇది మరింత తీవ్రము.

మబ్బులేని రాత్రి నేలయు ఆకులును తమ వేడిమిని ఆకాశమునకు విడుచుచుండును. మేఘమున్నచో అది దుప్పటివలె కాపాడును. వాతావరణకేంద్రపు ఉష్ణమాపకము నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున నుండును. నేలనంటిన ఆకు అంతకంటె కొన్ని డిగ్రీలు చల్లబడగలదు. కావుననే పత్రికలో 3 డిగ్రీలని చదివిన ఉదయమున గడ్డిపై తెల్లని పేరు కనబడవచ్చును. చల్లగాలి బరువైనది. అది నీటివలె పల్లమునకు జారి నిలుచును. అందుచే లేతమొక్కలకు లోయ అడుగుకంటె వాలుభూమి మేలు.

రక్షణోపాయములు కష్టసాధ్యములు కావు. సాయంకాలము మడిని తడిపిన, తడినేల పగటి వేడిని ఎక్కువగా నిలుపుకొని రాత్రి మెల్లగా విడుచును. వెదురు తడకలు గాని జొన్నచొప్ప గాని పాతచీర గాని ఆకుల కానకుండ కప్పి, సూర్యోదయానంతరము తీసివేయవలెను. తోటలో పొగ పెట్టుట పాత ఆచారము. అయితే పొగ వేడిమిని అంతగా నాపలేదు. మేలు చేయునది మంట వేడియు, దానివలన కలుగు గాలి కదలికయు మాత్రమే. దెబ్బతిన్న కొమ్మను వెంటనే నరుకరాదు. కొత్తచిగురు వచ్చిన పిదప బ్రతికినదేదో ఎండినదేదో తెలియును.

చలి పోయిన కొలదినాళ్లకే గాలిదుమారము, రాళ్లవాన వచ్చును. 2023 మార్చిలో తెలంగాణమున వడగండ్లకు మొక్కజొన్న, మామిడి మున్నగు పంటలు దెబ్బతినగా, ప్రభుత్వము ఎకరమునకు 10,000 రూపాయల సాయము ప్రకటించినది. పెరటికి అట్టి సాయ మరుదు, ముందుచూపే దిక్కు. గాలిని పూర్తిగా నడ్డగించు గోడ వెనుక సుడులు పుట్టును. సందులు గల తడకయో, చెట్లవరుసయో గాలి వేగమును తగ్గించి, తన ఎత్తునకు పదింతల దూరము వరకు కాపాడును. గెలవేసిన అరటికి వెదురుపోటు పెట్టవలెను. లేతకాండమును ఊతకఱ్ఱకు బిగియగట్టక వదులుగా కట్టవలెను. నారుమడిపై వల పరచిన వడగండ్ల తాకిడి తగ్గును.

ఇవి కేవలము నూతన విషయములు కావు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున చలి, గాలి, ఎండ ఈ మూటివలన చెట్లకు రోగములు కలుగుననియు, ఆకులు పాలిపోవుట, చిగురు ఎదగకుండుట, కొమ్మలెండుట, రసము కారుట వాని లక్షణములనియు చెప్పెను. పద్యమందు ప్రకృతిని చదువు విద్యార్థి శాస్త్రమందు చదువునదియు ఆ ప్రకృతినే.

ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు కేంద్రము. ఆ సంస్థ పరిధిలో ఆశ్రమపాఠశాల లనేకములు గలవు. ఇల్లు విడిచివచ్చిన బాలబాలికలు అచ్చట చదువుకొందురు. బడితోట వారికి పాఠమును కాగలదు, పళ్లెములోని కూరయు కాగలదు. ఉపాధ్యాయులు రెండు ఉష్ణమాపకములను, ఒకటి నాలుగడుగుల ఎత్తునను, మరొకటి గడ్డిపైనను ఉంచి, పుష్యమాసమున వారము దినములు వేకువజామున పిల్లలచే అంకెలు వ్రాయించినచో చాలును. ఆ రెండంకెల నడిమి భేదమును కన్నులార చూచిన బాలుడు, ఆ సాయంకాలమే, ఎవరును చెప్పకుండగనే, చిక్కుడుపాదుపై చొప్ప కప్పును.