ఇంటి మురుగు - పంచాయతీ విధి

అనకాపల్లి యనగానే బెల్లము జ్ఞాపకము వచ్చును. ఆ బెల్లము వండు శారదానదీ ప్రాంత గ్రామములలో మురుగుకాలువ పూడిపోయినచో తీపి వెనుకనే చేదు వచ్చును. నిలిచిన మురుగులో క్యూలెక్సు దోమ గ్రుడ్లు పెట్టును. బోదకాలును వ్యాపింపజేయునది ఈ దోమయే. గ్రుడ్డు దోమగా మారుటకు వారము పది దినములు చాలును. కావున వారమునకొకమారు కాలువను శుభ్రపరచవలయును.

కాలువ ఏల పూడును? గంజి, మెతుకులు, నూనెజిడ్డు, వెండ్రుకలు, అంట్లు తోమిన బూడిద కలిసి గడ్డకట్టును. నేడు ప్లాస్టిక్ సంచులు వీనికి తోడైనవి.

పూడికను దిగువ కొసనుండి తీయుడు. అప్పుడే ఎగువ నీటికి దారి దొరకును. తూము మూసికొనిపోయినచో పొడవైన వెదురుబద్దతో కదిపి నీరు పోయుడు. తీసిన మడ్డిని గట్టున విడువరాదు. తొలివానకే అది మరల కాలువలో పడును.

వంటింటి తూమునకు చిల్లుల రేకు, దాని వెలుపల జిడ్డు నిలుచుటకు చిన్న గుంట ఉండవలయును. కాలువకు నూరడుగులకు ఒక అడుగు వాలు మేలు. కాలువ లేని యిండ్లకు ఇంకుడుగుంత తగును. అయితే అది మంచినీటి బావికి దూరముగా నుండవలయును.

1994 పంచాయతీరాజ్ చట్టము మురుగు పారుదలను గ్రామపంచాయతీ విధులలో చేర్చినది. సభ్యులారా! ముందు మీ యింటి కాలువను బాగుచేయుడు. వాడవారు చూచి అనుసరింతురు.