సైనస్ ఎండోస్కోపీ శస్త్రచికిత్స అనంతరం పాటించవలసిన జాగ్రత్తలు

బాన్సువాడ: దీర్ఘకాలిక సైనసైటిస్‌కు ముక్కు రంధ్రాల ద్వారానే జరిపే ఎండోస్కోపీ శస్త్రచికిత్సలో ముఖంపై కోత ఉండదు. బయటికి గాయం కనిపించనందున కోలుకున్నామని భావించి వెంటనే పనులకు పూనుకోవడం తగదు. లోపలి పొర మానడానికి కొన్ని వారాలు పడుతుంది.

తొలి రోజుల్లో ముక్కుదిబ్బడ, కొద్దిపాటి రక్తం కలిసిన స్రావం సహజం. సుమారు రెండు వారాలు ముక్కు గట్టిగా చీదరాదు, బరువులు ఎత్తరాదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. వైద్యులు సూచించిన విధంగా ఉప్పునీటితో ముక్కును శుభ్రపరచుకోవడం అన్నింటికన్నా ముఖ్యం. ఇందుకు బోరు నీరు, కాలువ నీరు నేరుగా వాడరాదు; మరిగించి చల్లార్చిన నీరే వాడాలి. నిజాంసాగర్ ఆయకట్టులో వరికోతల కాలమైతే కళ్లాలు, రైస్ మిల్లుల దుమ్ముకు దూరంగా ఉండాలి.

రక్తస్రావం ఆగకపోయినా, చూపు మందగించినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, ముక్కు నుండి నీళ్లవంటి పలుచని ద్రవం కారినా తదుపరి తనిఖీ తేదీ వరకు వేచి ఉండక తక్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.