మొండి మలబద్ధానికి సూదివైద్యం

గుండెజబ్బు గురించి పెద్దమనుషులు నలుగురిలో ఎంతసేపైనా మాట్లాడతారు. మలబద్ధం మాట ఎత్తితే మాత్రం ముక్కు చిట్లిస్తారు. కాని ఆ బాధ పడేవాడికే తెలుసు. వారానికి మూడుసార్లయినా విరేచనం కాదు. ఎంత ముక్కినా కడుపు ఖాళీ అయినట్టుండదు. నెలల తరబడి యిలా వుంటే దాన్నే వైద్యులు దీర్ఘకాల మలబద్ధం అంటారు.

నాంపల్లిలో వుండే మా బాబాయిగారికి ఆరేళ్లుగా యిదే అవస్థ. పెళ్లిభోజనాలు మానేశారు, రైలు ప్రయాణాలు మానేశారు. త్రిఫలచూర్ణం, ఇసబ్‌గోలు, ఆముదం అన్నీ అయినాయి. ఆబిడ్స్‌లో వొక సందులో సూదులు గుచ్చి నయంచేసే ఆయన వున్నాడనీ, తోడు రమ్మనీ నాకు కబురుచేశారు. డబ్బు పోతే పోయింది, పెద్దవయసులో ఆశ భంగమైతే ఎలాగని నా బెంగ.

వైద్యంకోసం జనం నాంపల్లికి రావడం కొత్తకాదు. మృగశిరకార్తెకు ఎగ్జిబిషన్ మైదానంలో బత్తినివారి చేపమందు మింగడానికి ఉబ్బసం రోగులు బారులు తీరుతారు. నమ్మకం వేరు, రుజువు వేరు కదా! అందుచేత సూదివైద్యానికి రుజువేమిటో ముందుగా వెతికాను.

యిది చీనావారి ప్రాచీన వైద్యం. 1971లో జేమ్స్ రెస్టన్ అనే అమెరికన్ పత్రికారచయితకు పెకింగులో అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది. తరువాత కడుపు ఉబ్బరించి బాధపడితే మోచేతికీ మోకాళ్ల దిగువకూ సూదులు పెట్టారు, ఉబ్బరం తగ్గింది. ఆ సంగతి ఆయనే రాయగా లోకమంతా యీ వైద్యంవైపు చూసింది.

వొకరి అనుభవం రుజువు కాదనుకోండి. 2016లో చీనావైద్యులు 15 ఆసుపత్రులలో 1,075 మంది మలబద్ధం రోగులమీద పరీక్ష చేశారు. 8 వారాలలో 28 మార్లు బొడ్డు పక్కలా కాళ్లకూ సూదులు గుచ్చి, వాటికి స్వల్పంగా విద్యుత్తు పంపారు. కొందరికి ఉత్తుత్తి సూదులు పెట్టారు. అసలు వైద్యం పొందినవారిలో నూటికి 31 మందికి వారానికి మూడుసార్లో అంతకుమించో సాఫీగా విరేచనమైంది. ఉత్తుత్తివారిలో 12 మందికే. అంటే గుణం వున్నది, కాని అందరికీ కాదు.

ఆబిడ్స్ వైద్యుడు సూదులు తీయకముందే బాబాయిగారిని ప్రశ్నలడిగాడు. యీమధ్య నీరసం, రక్తం తక్కువైందని ఇనుము మాత్రలు మింగుతున్నారని విని సూదులపెట్టె మూసేశాడు.

“బాబుగారూ, రక్తం ఎందుకు తగ్గిందో తేలకుండా నేను సూది పెట్టను. ముందు ఆసుపత్రిలో పేగు పరీక్ష చేయించుకు రండి. ఆ మాత్రలవల్ల కూడా మలబద్ధం హెచ్చుతుంది.”

బాబాయిగారి మొహం పాలిపోయింది. పేగులో పుట్టకురుపు వుంటుందేమోనని ఆ వారం యింట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అదృష్టవశాత్తు పరీక్షలో ఏమీ లేదు. అప్పుడు సూదులు మొదలైనాయి. అయిదోవారం నడుస్తోంది. గుణం కనిపిస్తోందంటారాయన. పొద్దున నడకా, జొన్నరొట్టే, ఆకుకూరల మహిమంటుంది పిన్ని. ఎవరిది నిజమో నేను తేల్చలేను.

పాఠకులకు నా మనవి వొక్కటే. మలంలో రక్తం పడినా, వొళ్లు తగ్గినా, వొంట్లో రక్తం తగ్గినా, యాభైయేళ్లు దాటాక కొత్తగా మలబద్ధం పట్టుకున్నా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లండి. సూదివైద్యానికి వెళ్లినప్పుడు మీ కళ్లెదుట కొత్త సూదుల పొట్లం విప్పాలి. వాడిన సూది పారేయాలి. అన్నిటికన్నా ముందు సిగ్గు విడిచి, వున్నదున్నట్టు చెప్పండి. చెప్పని రోగానికి ఏ వైద్యుడూ మందివ్వలేడు.